అత్తమ్మ వెంట పొద్దుటి నడక

నిజామాబాద్‌లో మోకాళ్ళ డాక్టరు నా ఎక్స్‌రే చూడకముందే నన్ను చూశాడు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. తర్వాత ఆ ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టుకుని, "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాడు.

"మిషన్ కుడ్త సార్. ఆర్మూర్ల."

"రోజంతా కూర్చునేనా?"

నిలబడి కుట్టే మిషన్ ఎక్కడైనా ఉందా అని అడగాలనిపించింది. అడగలేదు. చెప్పాల్సింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. మోకాళ్ళు ఇంకా పూర్తిగా అరగలేదు, బరువు తగ్గితే ఆపరేషన్ దాకా పోదు, తగ్గకపోతే పోతుంది. పొద్దున నడవమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. బయట నర్సు నన్ను కాటా మీద నిలబెట్టి, అక్కడి అంకెను హాలంతా వినపడేలా చదివింది. దాన్ని ఇక్కడ రాయను. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళకు తెలిసింది చాలు.

బస్టాండుకు వచ్చాక మా ఆయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఎటో వెళ్ళి, కాగితంలో సమోసాలు కట్టించుకుని వచ్చాడు.

"డాక్టర్ ఏం జెప్పిండు? గిప్పుడే గద చెప్పింది?" అన్నాను.

"రేపటి సంది షురూ చెయ్యి. పొద్దటి సంది ఏం తినలే. తిను."

తిన్నాను. ఆకలిగా ఉంది, సమోసా వేడిగా ఉంది, మనిషి ప్రేమగా తెచ్చాడు. ఆ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా నేను తింటాను. ఆ రోజు మూడూ ఉన్నాయి.

మా ఇల్లు మార్కెట్ వెనక సందులో ఉంటుంది. ముందు గదిలో నా మిషన్, కుట్టాల్సిన జాకెట్ల మూటలు, గోడకు నిలువుటద్దం. మా ఆయన వేల్పూర్ దగ్గరున్న మా పొలంలో పసుపు, మక్కజొన్న వేస్తాడు. పొద్దున బండి మీద పోయి పొద్దుగూకేలోపు తిరిగొస్తాడు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. ఇక మా అత్తమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి. ఎండబెట్టిన పసుపు కొమ్ములా సన్నగా, గట్టిగా ఉంటుంది. లావు గురించి జీవితంలో ఒక్క రోజు కూడా ఆలోచించాల్సిన అవసరం రాని మనిషి. బహుశా అందుకే ఆ విషయం మీద ఆమెకు అన్ని అభిప్రాయాలున్నాయి.

"నడుసుడు కూడ ఒక పనేనా?" అంది, డాక్టరు మాట చెప్పగానే. "గంతగనం నడవాల్నంటె చేన్లకు నడువ్. కలుపన్న పోతది."

మొదట నాకు తోడు వచ్చింది పక్కింటామె. నాకు వదినె వరుస, నాకంటే ఇంకొంచెం లావు. "నేను గూడ అస్త వదినె, ఇద్దరం కలిసి తగ్గుదాం" అంది. కాలేజీ గ్రౌండు చుట్టూ నడవాలనుకున్నాం. చలికాలం మొదలైన రోజులు. తెల్లవారుజామున శాలువాలు కప్పుకుని, కొత్త బూట్లు వేసుకుని బయల్దేరేవాళ్ళం. చీర కింద బూట్లు చూసి పాలపొట్లాలు వేసే అతను కూడా బండి ఆపి నవ్వాడు.

దాన్ని నేను లెక్కచేయలేదు. నన్ను విసిగించినవి వదినె మాటలు. ఆమెకు తిండి తప్ప వేరే మాట లేదు.

"నిన్న మక్క గారెలు చేసిన వదినె. నూనెల ఎయ్యంగనే గిట్ల పొంగినయ్ చూడు..." అంటూ నిలబడిపోయి, రెండు చేతులతో ఆ పొంగు ఎంతో చూపించేది. చేతులతో చూపించాలంటే ఆమె ఆగాలి. చూడాలంటే నేను ఆగాలి. అల్లం ఎంత వేసింది, పచ్చిమిరపకాయలు ఎన్ని వేసింది, వాళ్ళాయన ఎన్ని తిన్నాడు, ఇంకా ఎన్ని కావాలన్నాడు. గ్రౌండు చుట్టూ ఒక్కసారి తిరిగేసరికి నాకు అన్నం తిన్నంత అలసట, తినకపోయినంత ఆకలి. తిరిగి వచ్చే దారిలో చౌరస్తా దగ్గర హోటల్లో పూరీలు వేస్తుండేవాళ్ళు.

"ఒక్కటే తిందాం వదినె. నడిస్తిమి గద."

తర్వాత ఆమె ఎవరో చెప్పారని, భోజనం బదులు నీళ్ళలో కలుపుకుని తాగే పొడి డబ్బా ఒకటి తెచ్చుకుంది. భోజనం మాత్రం మానలేదు. భోజనం చేసి, ఆ మీద ఆ పొడి తాగేది. "ఇంక తగ్గుతలేనేంది వదినె?" అని నన్నే అడిగేది. చివరికి పొద్దున లేస్తే తల తిరుగుతోందని ఒక రోజు, చుట్టాలు వచ్చారని ఒక రోజు, మంచు కురుస్తోందని ఇంకో రోజు. ఆఖరికి నేను వాళ్ళ గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంటే లోపల వెలుగుతున్న లైటు ఆరిపోయేది. నేను చూస్తుండగానే ఆరిపోయేది. లోపల ఇద్దరూ గుసగుసలాడుకోవడం కూడా వినపడేది.

ఒంటరిగా పోయాను. మా సందు చివర మటన్ దుకాణం ఉంది. దాని ముందు కుక్కలు గుంపుగా పడుకుంటాయి. పగలు అడ్డం జరగమన్నా జరగని ఆ కుక్కలు తెల్లవారుజామున మాత్రం ఆ సందును కొనుక్కున్నట్టు ప్రవర్తిస్తాయి. నన్ను చూసి ఒకటి మొరిగింది, మిగతావి లేచాయి. ఎన్నాళ్ళ తర్వాతో నేను పరుగెత్తాను. మోకాళ్ళు విరిగిపోతున్నట్టు నొప్పి పెడుతున్నా ఇంటిదాకా పరుగెత్తి, గేటు వేసి, ఎగశ్వాసతో మా ఆయన్ని లేపి చెప్పాను.

ఆయన దుప్పటిలోంచి తల బయటపెట్టి, "గంత జోరుగ ఉరికినవా? మంచిదే గద. జల్ది తగ్గుతవ్" అన్నాడు.

ఆ మాటకు నేను ఏం చేసేదాన్నో తెలియదు గానీ, నా ముఖం చూసి ఆయనే మర్నాటి నుంచి నాతో వస్తానన్నాడు. వచ్చాడు కూడా. కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళలో ఆయన చేసింది ఏమిటంటే, నాతో నడవడం, సాయంత్రం మిర్చి బజ్జీలు మానడం. అంతే. ఆయన పొట్ట పోయింది. ఎవరో లాగేసుకున్నట్టు పోయింది. నేను అన్నం సగం చేసి, చాయ్‌లో చక్కెర మానేసి, పొద్దున జీలకర్ర నీళ్ళు తాగి, కొర్రల జావ ముక్కు మూసుకుని మింగి, కాటా ఎక్కితే అంకె కదలదు. ఆయన ప్యాంట్లన్నీ నడుము దగ్గర వదులయ్యాయి. వాటిని లోపలికి పట్టి కుట్టాల్సింది ఎవరు? నేనే. మిషన్ ముందు కూర్చుని, నా మొగుడి ప్యాంట్లు సన్నం చేస్తూ, నేను ఎంత విసుక్కున్నానో ఆ సూదికి తెలియాలి.

"నీకు పట్టుదల లేదే" అన్నాడాయన అద్దంలో తనను చూసుకుంటూ. "మనసుల గట్టిగ అనుకోవాలె."

అనుకోవడం ఎక్కడ తక్కువైందో నాకు అర్థం కాలేదు. నిద్రలో కూడా అదే అనుకుంటున్నాను. పొట్ట పోయాక ఆయన నడక మానేశాడు, పొలంలో పనులున్నాయని.

అప్పుడు అత్తమ్మ రంగంలోకి దిగింది.

"ఒక్కదానివి ఏం పోతవే? గా కుక్కలు కరిస్తె సూదులు ఎవలేపిచ్చుకుంటరు? నేనస్త, నడు."

వద్దన్నాను. ఈ వయసులో చలిలో నీకెందుకన్నాను. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మూలనున్న తుమ్మకట్టె తీసుకుని గేటు దగ్గర నిలబడింది. మటన్ దుకాణం ముందు కుక్క ఒకటి లేచి గుర్రుమంది. ఆమె కట్టె ఎత్తలేదు. "అరె, పండుకోవయ్యా" అంది, ఇంట్లో మనవడితో చెప్పినట్టు. అది పడుకుంది.

ఆమె నడక చూసి నాకు మతిపోయింది. రబ్బరు చెప్పులతో, వంగకుండా, పక్కకు చూడకుండా పోతుంది. నేను బూట్లు వేసుకుని, చేతులు ఊపుకుంటూ, వీడియోల్లో చెప్పినట్టు ముక్కుతో గాలి పీలుస్తూ, ఆమెకు ఎప్పుడూ పది అడుగులు వెనకే. అయితే ఆ వేగం గ్రౌండు దాకా ఉండేది కాదు. దారిలో ప్రతి వాకిలి ముందూ ఎవరో ఒకరు ఊడుస్తూనో, నీళ్ళు చల్లుతూనో కనపడేవాళ్ళు. అందరూ ఆమెకు తెలిసినవాళ్ళే. ఆమె ఆగేది.

"ఎటు పెద్దమ్మా, గింత పొద్దుగాల?"

"మా కోడలు లావు తగ్గుతందుకు నడుస్తుంది బిడ్డా. మోకాళ్ళు ఖరాబైనయంట. నిజామాబాద్ పెద్ద డాక్టర్ జెప్పిండు. లేకుంటె కోస్తరంట."

వాకిట్లో ఆమె చీపురు పట్టుకుని నన్ను డాక్టరు చూసినట్టే చూసేది. "అవునా పాపం. చాయ్ తాగిపోండ్రి."

అత్తమ్మ ఎవరి చాయ్‌నీ కాదనదు. నాకూ ఒక కప్పు వచ్చేది. చక్కెర వేసి. వద్దంటే, "ఏం గాదు తాగు, చలిల ఉన్నవ్" అని అత్తమ్మే చెప్పేది. అలా నిజామాబాద్ నర్సు ఒక్క హాలుకు వినిపించిన సంగతి మా అత్తమ్మ ఆర్మూర్‌లో సగానికి వినిపించింది. మిషన్ దగ్గరికి జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు నేను టేపు పట్టుకుని వాళ్ళ కొలతలు తీస్తుంటే, వాళ్ళు కళ్ళతో నా కొలతలు తీసేవాళ్ళు.

"నడుస్తున్నవంట గదక్కా? ఏం కనవడ్తలేదు."

కొన్నాళ్ళకు నిజంగానే కొంచెం తగ్గాను. ముందు ముఖంలో, తర్వాత చేతుల్లో. నా జాకెట్ల చేతులు వదులైతే పొంగిపోయి అందరికీ కనపడేలా తిరిగాను. అప్పుడు జనం ఏమన్నారు?

"గట్ల చిక్కినవేందక్కా? షుగర్ అచ్చిందా?"

ఒకరు కాదు. వచ్చినవాళ్ళంతా అదే. ఒకామె అయితే నా చెయ్యి పట్టుకుని, ఏ దవాఖానలో చూపిస్తున్నావని గొంతు తగ్గించి అడిగింది. లావుగా ఉన్నప్పుడు ఏ జబ్బూ లేదు, తగ్గగానే వచ్చింది! షుగర్ లేదు తల్లీ, తిండి తగ్గించాను అంటే నమ్మరు. తిండి ఉండి తగ్గించుకోవడం ఏమిటని వాళ్ళ అనుమానం.

అదే అనుమానం మా అత్తమ్మది కూడా. నడిపించేది ఆమే, నడిచి రాగానే పెట్టేదీ ఆమే. నేను స్నానం చేసి వచ్చేసరికి జొన్న రొట్టె మీద వెన్న కరుగుతూ ఉండేది. మధ్యాహ్నం నా కంచంలో నేను పెట్టుకున్న అన్నం కొంచెమే ఉండేది. పప్పు తేవడానికి లేచి వచ్చేసరికి అది పెరిగేది. ఒకసారి గరిటెతో సహా పట్టుకున్నాను.

"అత్తమ్మా, నువ్వు నన్ను తగ్గమంటున్నవా, పెరగమంటున్నవా?"

"నడుసుడు నడుసుడే, తినుడు తినుడే. రెండిటికి ఏం సంబంధమే?" అంది ఆమె. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

ఇక జక్రాన్‌పల్లి దావత్ సంగతి. మా ఆడబిడ్డ ఇంట్లో మనవడి పుట్టువెంట్రుకలు తీయించి, యాటను కోసి, ఊరందరికీ భోజనాలు పెట్టారు. టెంటు కింద వరసగా కూర్చోబెట్టి వడ్డించారు. నేను ముందే నిర్ణయించుకుని వెళ్ళాను, కొంచెం అన్నం, రెండు ముక్కలు, అంతే. మా ఆడబిడ్డే స్వయంగా బకెట్ పట్టుకుని వచ్చింది. ఒకసారి వేసింది. రెండోసారి వేయబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏందొదినా, మా ఇంట్ల బువ్వ పనికొస్తలేదా?"

"గట్ల కాదొదినా, చాలు. నిజంగ చాలు."

ఆమె గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. కూర నా చెయ్యి మీద బొట్లుబొట్లుగా పడుతోంది. నేను చెయ్యి తీయలేదు. అప్పుడు ఎదుటి వరసలోంచి అత్తమ్మ గొంతు పెద్దగా వినపడింది. "ఆమెకు మన తిండి పట్టదిప్పుడు. సన్నగైతె సిన్మల తీస్కుంటమన్నరట."

టెంటు కింద అందరూ నవ్వారు. వడ్డించేవాళ్ళు నవ్వారు, పొయ్యి దగ్గరున్నవాళ్ళు ఏమైందని అడిగి తెలుసుకుని నవ్వారు. మా ఆయన తల వంచుకుని బొక్క చీకుతూ నవ్వు ఆపుకున్నాడు. నేను సగం విస్తరి వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను. నాకు ఏడుపు వచ్చింది. నలభై దాటిన మనిషిని, అన్నం చాలన్నందుకు ఏడవడం ఏమిటని ఇంకా కోపం వచ్చింది.

ఆటోలో ఇంటికి వచ్చాం. గుమ్మం దాటాక నేనే మొదలుపెట్టాను.

"అందరి ముందట నన్ను నవ్వులపాలు చేస్తివి గదత్తమ్మా."

"నా బిడ్డ ఇంట్ల ఇస్తారి మీద చెయ్యి పెట్టినవ్. నా ఇజ్జత్ నువ్వు తీసినవ్."

"డాక్టర్ చెప్పింది నీకు తెల్వదా?"

"డాక్టర్ జక్రాన్‌పల్లికి అచ్చిండా?"

మా ఆయన టీవీ పెట్టాడు. సౌండు పెంచాడు.

మర్నాడు ఆమె గేటు దగ్గర లేదు. నేనూ లేవలేదు. ఆమె రాకపోతే నేను పోకూడదని ఎక్కడా లేదు. కుక్కలు అప్పటికి నన్ను గుర్తుపట్టి తోకలు ఊపుతున్నాయి. అయినా పోలేదు. ఆమె మీద కోపంతో పోలేదు, ఆ తర్వాత కోపం తగ్గినా పోలేదు. రేపు, ఎల్లుండి, సోమవారం నుంచి, అమావాస్య పోయాక. ఒకరోజు మానితే రెండో రోజు మానడం ఎంత సులువో నాకు అప్పుడే తెలిసింది. నెలల తరబడి కష్టపడి అలవాటు చేసుకున్నది వారం తిరగకముందే నన్ను వదిలిపోయింది. ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనందుకు కూడా కోపం వచ్చింది.

అంతలో పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. ఆ కాలంలో ఇక ఇల్లూ లేదు, మిషనూ లేదు. కూలీలు చాలినంత మంది దొరకరు, ఇంటిల్లిపాదీ చేనులో ఉండాల్సిందే. తవ్విన పసుపును ఏరడం, కొమ్ములు వేరు, గుండ్రటి తల్లిదుంపలు, అంటే గుండ్లు, వేరు చేయడం, పసుపు ఉడికించే బాయిలర్ వచ్చిన రోజు ఆవిరి పట్టించడం, కళ్ళంలో ఆరబోయడం. చేతులు, కాళ్ళు, కొంగు, తాగే నీళ్ళ గ్లాసు, అన్నీ పచ్చగా అవుతాయి. పనిచేస్తే తగ్గుతానని అనుకున్నాను. అత్తమ్మ మాట ప్రకారం చూసినా తగ్గాలి కదా. కానీ పని చేసేది కూర్చుని, తినేది కడుపునిండా. పొలంలో పొయ్యి మీద వేడి రొట్టెలు, వంకాయ పులుసు, గంటకోసారి చాయ్. అత్తమ్మ అందరికీ పెట్టినట్టే నాకూ పెట్టింది, మాట్లాడకుండా. నేనూ మాట్లాడకుండా తిన్నాను. వదులైన జాకెట్ల చేతులు మళ్ళీ పట్టేశాయి.

ఒక మధ్యాహ్నం, బాయిలర్ ఆవిరి తెల్లగా లేస్తుంటే, నేను పసుపు కుప్ప పక్కన గొంతుక్కూర్చుని కొమ్ములు విరుస్తున్నాను. మా ఆయన ట్రాక్టర్‌తో కళ్ళం వైపు పోయాడు. కూలీలంతా అన్నాలకు చేను అవతలి గట్టుకు వెళ్ళారు. నేనూ లేవబోయాను. లేవలేకపోయాను. కుడి మోకాలు బిగుసుకుపోయింది. చేతులు నేలకు ఆనించి లేవబోతే ఎడమ మోకాలు కూడా పట్టేసింది. పక్కకు ఒరిగి, పసుపు కుప్ప మీద పడ్డాను. ఎటు కదిపినా ప్రాణం పోతున్నట్టుంది. కేకేద్దామంటే బాయిలర్ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

నన్ను చూసింది అత్తమ్మే. అన్నానికి ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో నా కోసం పెట్టిన కంచం ఉంది. దాన్ని కింద పెట్టి, నా రెక్క పట్టుకుని లాగింది. నేను లేవలేదు గానీ ఆమె ముందుకు తూలింది. ఇద్దరం కలిసి పడిపోతామని భయమేసింది.

"ఇడిసిపెట్టత్తమ్మా. నువ్వు ఇరిగిపోతవ్. ఆయనను పిలువు."

ఆమె విడిచిపెట్టలేదు. నా వెనక్కి వచ్చి, రెండు చంకల కింద చేతులు వేసి, తన ఛాతీకి నన్ను ఆనించుకుని, మెల్లగా, మెల్లగా పైకి లేపింది. ఆ ఎముకల మనిషి వణకడం నా వీపుకు తెలుస్తోంది. ఎలాగో నిలబడ్డాను. నిలబడ్డాక ఆమె వదిలేసి పక్కకు పోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టింది.

"రేపు నేను పడితె లేపేటిది నువ్వే గదనే? నువ్వే గిట్ల పడితె నన్నెవలు లేపుతరు? గా టీవీ చూసేటోడా?"

నాకు నవ్వు వచ్చింది, నొప్పికి కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. గట్టు మీద కూర్చున్నాం. ఆమె కంచం తెచ్చి నా ముందు పెట్టబోయి ఆగింది. ఆ కంచం వైపే చూస్తూ చెప్పింది.

"నేను గీ ఇంటికి కొత్తగ అచ్చినప్పుడు, అందరు తిన్నంక నిలవడి తినేది. మిగిలితె తినేది. లేకుంటె గంజి. మా అత్త కుండ మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టి కూసునేది. నా కోడలొస్తె కడుపునిండ పెడ్తనని గప్పుడే అనుకున్న. నువ్వు గా దినం ఇస్తారి మీద చెయ్యి పెడితె, మా అత్త చెయ్యి లెక్కనే అగుపడ్డది నాకు."

నేను ఇన్నాళ్ళూ ఆమె మొండితనంతో పోట్లాడుతున్నాననుకున్నాను.

"గదైతె నాకు ముందుగాల చెప్పొద్దా అత్తమ్మా?"

"నువ్వు అడిగినవా?"

కంచంలోని అన్నాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి ఆమె వైపు జరిపాను. చూసింది. "పులుసన్న పోసుకో సక్కగ" అంది.

ఇంతటితో అన్నీ చక్కబడ్డాయని రాస్తే బాగుంటుంది. కానీ జరగలేదు. అడగకుండా కంచంలో వేయనని ఆ గట్టు మీద మాట ఇచ్చింది, ఆ రాత్రి భోజనంలోనే తప్పింది. ఇప్పటికీ తప్పుతూనే ఉంది. ఇప్పుడు తేడా ఏమిటంటే, ఆమె వేసినదాన్ని నేను తీసి పక్క గిన్నెలో పెడతాను, ఆమె గొణుగుతుంది, నేను విననట్టు ఉంటాను. రోజూ జరిగే పని. రోజూ విసుగే.

నడక మళ్ళీ మొదలుపెట్టింది పసుపు ఆరబోసిన వారంలోనే. కొత్త బూట్లు లేవు, మంచి రోజు చూడలేదు, ఎవరికీ చెప్పలేదు. ఒళ్ళంతా నొప్పులతో, అత్తమ్మ మీద, మా ఆయన మీద, వదినె మీద, నా మీద చిరాకుతోనే లేచి పోయాను. రెండో రోజుకు అత్తమ్మ మళ్ళీ కట్టె పట్టుకుని గేటు దగ్గర ఉంది. అంతకుముందు నేను ఉత్సాహం వచ్చేదాకా ఆగేదాన్ని. వీడియోల్లో వాళ్ళంతా నవ్వుతూ నడుస్తారు కదా, నాకూ అలా అనిపించాలని ఎదురుచూసేదాన్ని. నాకు ఎప్పుడూ అనిపించలేదు. చిరాకుతో కూడా నడవవచ్చని తెలిశాక పని కొంచెం తేలికైంది. ముఖం ముడుచుకుని నడిచినా కాళ్ళు కదిలితే చాలు. మిషన్ దగ్గర కూడా అంతే. మనసు బాగుండి కుట్టిన జాకెట్టుకూ, చిరాకుగా ఉండి కుట్టిన జాకెట్టుకూ కుట్టులో తేడా రాకుండా ఇన్నేళ్ళూ కుడుతూనే ఉన్నాను. అదే సంగతి కాళ్ళ విషయంలో తెలుసుకోవడానికి ఇంత కాలం పట్టింది.

బరువు తగ్గింది, మెల్లగా. పెళ్ళిళ్ళ కాలంలో మళ్ళీ కొంత పెరిగింది. వానాకాలంలో తగ్గింది. దసరాకు పెరిగింది. నేను అనుకున్న అంకె ఇంకా దూరంగానే ఉంది, అక్కడికి చేరతానో లేదో తెలియదు. కానీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం లేదు. కింద కూర్చుంటే ఎవరి సాయం లేకుండా లేస్తున్నాను. మా ఆయన పొట్ట మళ్ళీ వచ్చింది. ఆ ప్యాంట్ల నడుము విప్పి మళ్ళీ వెడల్పు చేయాల్సింది కూడా నేనే. ఈసారి నాకు ఏ కష్టమూ అనిపించలేదు. అద్దంలో చూసుకోమని మాత్రం అన్నాను.

అత్తమ్మ వాకిలి వాకిలికీ ఆగి చెప్పిన ప్రచారం ఊరికే పోలేదు. చాయ్ ఇచ్చే ఆడవాళ్ళే ఒక్కొక్కరు మా వెంట రావడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరు, తర్వాత ఇంకొందరు. లైటు ఆర్పేసిన వదినె కూడా వచ్చింది, నడుస్తూ మళ్ళీ మక్క గారెల గురించే చెప్పింది. అందరికీ ముందు నడిచేది అత్తమ్మ. ఎవరైనా నా చేతులు చూసి, ఎట్లా తగ్గావని అడిగితే నేను నోరు తెరిచేలోపు ఆమే చెబుతుంది.

"ఆమె ఏం జెయ్యలే బిడ్డా. నేనే నడిపిచ్చిన."

అన్నం నేను మానుకుంటే, కొర్రల జావ నేను మింగితే, మోకాళ్ళు నావి నొస్తే, నడిపించింది ఆమె అట! మొదట్లో కాదని వాదించాను. ఇప్పుడు వదిలేశాను.

మొన్న ఒక పొద్దున మెలకువ వచ్చింది గానీ లేవబుద్ధి కాలేదు. ముందు రోజంతా పెళ్ళి జాకెట్లు కుట్టి నడుము పట్టేసింది. బయట గేటు దగ్గర ఆడవాళ్ళ గొంతులు వినపడ్డాయి. "పెద్దమ్మా" అని పిలుస్తున్నారు. ఆమె కోసం. నన్ను ఎవరూ పిలవలేదు. అత్తమ్మ వచ్చి నన్ను లేపుతుంది, నేను ఇవాళ వద్దంటాను, ఆమె తిడుతుంది, అప్పుడు లేద్దామని దుప్పటి కప్పుకుని ఎదురుచూశాను. గేటు గొళ్ళెం తీసిన చప్పుడు వినపడింది. మళ్ళీ వేసిన చప్పుడు కూడా వినపడింది. గొంతులు దూరమయ్యాయి.

నన్ను లేపనే లేదు!

దుప్పటి విసిరికొట్టి, జుట్టు ముడి వేసుకుంటూ, ఒక కాలికి బూటు తొడిగి రెండోదాని లేసు కట్టకుండానే బయటపడ్డాను. ఈ నడక మొదలుపెట్టింది నేను. డాక్టరు చెప్పింది నాకు. వీళ్ళంతా నా మోకాళ్ళ పుణ్యాన నడుస్తున్నవాళ్ళు. చౌరస్తా మలుపు దగ్గర వాళ్ళు కనపడ్డారు. పిలవాలంటే ఆయాసం. వడివడిగా నడిచి, దాదాపు పరుగెత్తి, వాళ్ళను అందుకున్నాను.

"లేపొద్దా అత్తమ్మా? గంత మంది పోతున్నరు, నన్ను లేపొద్దా?"

ఆమె నా కాళ్ళ వైపు ఓరగా చూసింది గానీ ఆగలేదు. వేగమూ తగ్గించలేదు.

"లేస్తివి గద" అంది. "జల్ది నడువ్. లేసు ఊడింది, చూస్కో."